వంతుకు తిరిగిన బాయిమొక్క

మదనపల్లె,
తేది 4-2-1981, బుధవారం.

ఈ రోజు అయిన పనులు: రాగిపిండి జల్లించడం, అనపకాయలు ఒలిచి నానబెట్టడం, అత్త చీరలు ఆరు ఉతికి మడవడం, ఆమెకు తలంటు పోయడం, బాయిమొక్కకు ఎండిన ఆకులు కత్తిరించడం. మిగిలింది ఈ ఉత్తరం.

చిరంజీవి సౌభాగ్యవతి పద్మావతికి యశోదమ్మ ఆశీస్సులు.

రేపు పుంగనూరు బస్టాండులో అత్తను నీకు అప్పగిస్తాను. అక్కడ మాట్లాడుకునే తీరిక ఉండదు, కుప్పం బస్సు ఎవరి కోసమూ ఆగదు. అందుకే రాసి ఆమె సంచిలో పెడుతున్నాను. మామగారు పోయాక అన్నదమ్ములు ఒప్పుకున్నట్టు మా ఇంట్లో ఆరు నెలలు పూర్తయ్యాయి. ఇక ఆరు నెలలు నీ వంతు. మనం తోడికోడళ్లం. ఒకరు ఎక్కువ చేశారని, ఒకరు తక్కువ చేశారని రేపు ఎవరూ అనకూడదు.

అత్తకు రాత్రిపూట సంగటి అరగదు, అన్నమే పెట్టు. మజ్జిగలో అల్లం వేయి. తక్కువ మాట్లాడుతుంది, అది అలక అనుకోవద్దు.

ఇక ఆమె ఒడిలోని చట్టి సంగతి. రామసముద్రం పొలంలో మామగారు తవ్వించిన బావి నీకు గుర్తుందా? దాని రాళ్ల సందుల్లో పెరిగేది ఈ మొక్క. పొలం అమ్మిన రోజు అత్త బావిమెట్లు దిగి, మట్టితో సహా పెకలించి చట్టిలో పెట్టుకుంది. బాయిమొక్క అంటుంది. కాడలు నల్లగా, వెంట్రుకంత సన్నగా ఉంటాయి. ఆకులు కొత్తిమీరను పోలి ఉంటాయి. ఎండ తగలకూడదు, చీకటీ పనికిరాదు. స్నానాల గది పక్కన, ఉత్తరపు కిటికీ కింద పెట్టు. మూకుడులో ఇసుక పోసి, తడిపి, దాని మీద చట్టి ఉంచు. నీళ్లు మట్టికే పోయాలి, ఆకుల మీద కాదు. మట్టి ఒక్క పూట ఎండినా ఆకులు ముడుచుకుంటాయి, ముడుచుకున్నవి మళ్లీ విచ్చుకోవు. పొయ్యి పొగ, సాంబ్రాణి పొగ తగలనివ్వకు. రామసముద్రం నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు ఉన్న ఆకంతా రాల్చేసింది. కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

యశోదమ్మ


కుప్పం,
23-2-1981.

అక్కకు పద్మావతి నమస్కారాలు.

నీ ఉత్తరం మీ మరిదికి చదివి వినిపించాను. "మా రైలు స్టేషన్‌లో పార్సిలు పుస్తకంలో కూడా ఇన్ని షరతులు లేవు" అన్నాడు. నవ్వాడే గానీ మూకుడు, ఇసుక ఆయనే తెచ్చిపెట్టాడు.

అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. అయినా మొక్క మిగల్లేదు అక్కా. పలమనేరు దాటాక బస్సు కిటికీ రెక్క ఊడింది. అత్త చట్టి మీద కొంగు కప్పి, దాని మీద వంగి కూర్చుంది. వెంకటగిరికోటలో కొంగు తీసి చూస్తే ఆకంతా పొడిపొడి. ఇల్లు చేరేసరికి చట్టిలో ఉన్నవి నల్లకాడలే, దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్లాగా.

మా పక్కింటి కెంపమ్మ నోరు నీకు తెలియదు. చట్టి చూడగానే అత్తతో, "ఏమక్కా, ఇంత దూరం పుల్లలు మోసుకొస్తివే, కుప్పంలో పొయ్యిలోకి కట్టెల్లేవనుకొంటివా?" అంది.

అత్త ఏం తగ్గలేదు. "నవ్వుమే కెంపమ్మా, నవ్వు. దీని పానం పైన ఉండాదనుకొంటివా? అడుగున ఉండాది. నీకు మాదిరి నోట్లో లేదు."

ఇద్దరూ ఒక్క పూటలో స్నేహితులైపోయారు. కానీ ఆ రోజు నుంచీ అత్త సరిగా తినడం లేదు. పొద్దునే లేచి చట్టి ముందు కూర్చుంటుంది. నాకొక ఆలోచన వచ్చింది. మళ్లీ బస్సెక్కించకుండా మొక్కను ఏదో ఒక ఇంట్లోనే ఉంచేస్తే? అత్తను అడిగాను. "అది యాడుంటే నేనాడ" అని ఊరుకుంది. నువ్వేమంటావు?

పద్మావతి


మదనపల్లె,
11-3-1981.

చి. సౌ. పద్మావతికి ఆశీస్సులు.

మొక్క ఒక ఇంట్లో ఉంటే అత్త మనసు ఆ ఇంటి మీదే ఉంటుంది. అప్పుడు రెండో ఇంట్లో ఉన్న ఆరు నెలలూ అది ఆమెకు పొరుగూరు అవుతుంది, ఆ ఇంటి కోడలికి చెడ్డపేరు అవుతుంది. ఆమె జవాబు కూడా అదే చెబుతోంది కదా. మనిషితోపాటు మొక్కా తిరగాలి. మీ బావ అభిప్రాయమూ అంతే. అడిగితే "మీ ఆడోళ్లు ఎట్లనుకుంటే అట్ల" అన్నాడు, దాన్ని నేను ఒప్పుకోవడం కిందే లెక్క వేశాను.

నల్లకాడలు మొదటికంటా కత్తిరించు. వేరు బతికి ఉందా లేదా అని మట్టి కెలికి చూడవద్దు. తడి ఆరకుండా చూసి, ఊరుకో. ఈ మొక్కకు చేసే సేవలో సగం ఊరుకోవడమే.

యశోదమ్మ


కుప్పం,
14-8-1981.

అక్కకు నమస్కారాలు.

ఎల్లుండి పుంగనూరులో కలుస్తాం కదా, అయినా ఒక తప్పు రాసే చెప్పుకోవాలి. ఎదురుగా నీ ముఖం చూస్తే నోరు పెగలదు, అందుకే ఇది అత్త సంచిలో పెడుతున్నాను.

ఏప్రిల్‌లో మొక్క చిగురు పట్టింది. చిగురు పిడికిలి బిగించిన పసిబిడ్డ వేళ్లలా చుట్టుకుని వస్తుందని నువ్వు నాకు చెప్పనే లేదు. జూన్‌కు చట్టి కనబడనంత ఆకు. ఒక రోజు తిప్పి చూస్తే, ఆకు అంచుల అడుగున వరసగా గోధుమరంగు చుక్కలు. పురుగు పట్టిందనుకున్నాను. వంకాయ చెట్లకు పట్టినట్టు రాత్రికి రాత్రి అంతా తినేస్తుందేమోనని, కత్తెర తీసుకుని చుక్కలున్న ఆకు ప్రతిదీ కత్తిరించేశాను. అత్త స్నానం చేసి వచ్చి చూసింది.

"ఏమ్మే, పంట ఇంటికి రాకముందే కోత కోసేస్తివే!"

"పురుగత్తా..."

"పురుగు గాదు తల్లీ. దాని ఇత్తనాలు. బాయి గోడంతా అట్లనే గదా పరుసుకొనింది."

నేను కూలబడి ఏడ్చాను. ఆమే నా తల నిమిరింది. "ఏడ్సద్దులే. మల్లా ఏస్తాది. దాన్ని కదిలించకుంటే సాలు" అంది.

అత్త జ్వరం వల్ల పన్నెండు రోజులు ఆలస్యంగా పంపుతున్నాను. ఏమీ అనుకోవద్దు. ఈసారి కిటికీ పక్కన కాకుండా నడిమి సీటులో కూర్చోబెడతాను. చట్టికి చుట్టూ తడి గోనెపట్టా కుట్టాను.

పద్మావతి


మదనపల్లె,
12-11-1981.

చి. సౌ. పద్మావతికి ఆశీస్సులు.

నీ గోనెపట్టా బాగా పనికొచ్చింది గానీ, మొక్క ఈసారీ ఆకు నిలుపుకోలేదు. ఇప్పటికి మూడు చిగుళ్లే వచ్చాయి, అవీ పీలగా ఉన్నాయి. ఈ ఇంట్లో చలి ఎక్కువ, రాత్రిళ్లు చట్టి మీద గంప బోర్లిస్తున్నాను.

నువ్వు కత్తిరించిన ఆకుల గురించి బాధపడకు. ఆ చుక్కలు నేనూ చూశాను. పోయిన ఏడాది వాటిని గోటితో గీకి తీసేశాను, నీకు చెప్పలేదు అంతే.

అత్త బాగానే ఉంది. ఒకటి రెండుసార్లు నన్ను పద్మావతీ అని పిలిచింది, పెద్దవయసులో పేర్లు కలుస్తుంటాయి. చట్టి దగ్గర ఎక్కువసేపు కూర్చుంటోంది. వేరే విశేషాలు లేవు.

ఒక లెక్క ఉంది. నువ్వు అత్తను నీ ఆరు నెలల మీద పన్నెండు రోజులు ఎక్కువ చూసుకున్నావు, అదీ జ్వరంతో. ఆ పన్నెండు రోజులు నేను నీకు బాకీ. ఫిబ్రవరి పదహారుకు నా ఆరు నెలలు తీరుతాయి. ఆపైన పన్నెండు రోజులు ఉంచుకుని, నెలాఖరుకు పంపుతాను.

యశోదమ్మ


కుప్పం,
28-1-1982.

అక్కకు నమస్కారాలు.

మన మధ్య బాకీలేమిటక్కా? జ్వరం వచ్చిన మనిషిని చూసుకోవడానికి కూడా లెక్కలా? ఆ పన్నెండు రోజులు నువ్వు భారం మోయవద్దు. పదహారునే నేనూ మీ మరిదీ పుంగనూరు వస్తాం. గది సున్నం కొట్టించాను. కిటికీకి వట్టివేళ్ల తడక కట్టించాను, నీళ్లు చల్లితే గదంతా బావిలా చల్లగా ఉంటుంది. కెంపమ్మ రోజూ అడుగుతోంది, "మీ అత్త ఎప్పుడొస్తాది? తిట్టిపిచ్చుకొనేదానికి మనిషి లేక నాకు అన్నం సయించడం లేదు" అని.

తప్పకుండా పదహారునే.

పద్మావతి


మదనపల్లె,
9-3-1982.

పద్మావతీ,

అత్త పెద్దదినం అయ్యాక మీరు వెళ్లిపోయారు. ఇంటినిండా చుట్టాలు ఉండగా నీకు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు పుంగనూరు చేరేసరికి అంతా అయిపోయింది. అంతకుముందు ఏం జరిగిందో నాకు ఒక్కదానికే తెలుసు.

మేం పది గంటలకు బస్టాండులో దిగాం. మీ బస్సు వెంకటగిరికోటలో టైరు పగిలి ఆగిందని మాకు ఎలా తెలుస్తుంది? బెంచీ మీద కూర్చున్నాం. చట్టి ఆమె ఒడిలో ఉంది. ఆరేడు ఆకులు ఉన్నాయి, అంతే.

"యశోదా, మనం యాడికి పోతాండాం?"

"మీరు కుప్పానికి అత్తా."

"మొన్ననే గదా ఆణ్నుంచి వస్తిని."

"ఆర్నెల్లయింది."

ఆమె గోనెపట్టా తీసి మొక్కను నాకు చూపించింది. "సూడు. ఇంకా ఒంటికి ఆకు కప్పుకోనే లేదు. అప్పుడే ఎక్కిస్తే ఎట్ల బతుకుతాది? యాడైనా ఒక సోట ఉండనీమ్మా."

నేను "పద్మావతి ఎదురుచూస్తుంటుంది" అన్నాను. ఆమె గోనెపట్టా మళ్లీ చుట్టేసింది.

ఎండ ఎక్కాక ఆమెకు చెమటలు పట్టాయి. ఆమె తమ్ముడు గోవిందప్ప మామ ఇల్లు అక్కడికి దగ్గరే కాబట్టి నడిపించుకుని వెళ్లాను. మామ వరండాలో మంచం వాల్చాడు. చెంబుతో నీళ్లిస్తే, సగం చట్టిలో పోసి, మిగిలింది తాగింది. "ఈడ సల్లగుండాది. కదిలించొద్దు" అంది. నేను గంజి కాచడానికి లోపలికి వెళ్లాను. తెచ్చేసరికి లేదు. చెయ్యి చట్టి అంచు మీద ఉంది.

నా వంతు అయిపోయి, నీ వంతు మొదలు కాక, దారిలో పోయింది.

ఇంకొకటి చెప్పాలి. బెంచీ మీద అడగడం మొదటిసారి కాదు. కార్తీకమాసం నుంచీ అడుగుతోంది. అనపకాయలు ఒలుస్తూ నా కొంగు పట్టుకుని, "నన్ను పంపొద్దు యశోదా" అంది. నీకు రాయలేదు. కుప్పంలో నువ్వు సరిగా చూడలేదని అన్నట్టయి నీ మనసు నొచ్చుకుంటుందేమోనని. పైగా బాకీ రోజులు వద్దు, పదహారునే పంపమని నీ ఉత్తరం వచ్చింది. ఇంకా ఉంచుకుంటే, అత్త మెడలోని కాసులపేరు కోసం పెద్దకోడలు పట్టుకుందని మరిది అనుకుంటాడేమోనని భయపడ్డాను. ఆ పన్నెండు రోజులూ ఉంచుకుని ఉంటే ఆమె మంచం మీద, ఆమె కిటికీ కింద పోయేది.

యశోదమ్మ


కుప్పం,
17-3-1982.

అక్కా,

నీ ఉత్తరం పూర్తిగా చదవలేకపోయాను. మీ మరిది చదివి వినిపించాడు, ఆయనా మధ్యలో ఆపి బయటికి వెళ్లిపోయాడు.

నన్ను కూడా అడిగింది అక్కా. ఆకులు కత్తిరించిన నాటి నుంచీ. "నన్ను మల్లా పంపొద్దుమే" అని. నా ఇల్లు నచ్చిందని ఎంత మురిసిపోయానో! పెద్దింట్లో బాగాలేదు కాబట్టి పంపవద్దంటోంది అనుకున్నాను. నీకు రాస్తే, చిన్నకోడలు అత్తను తనవైపు తిప్పుకుంటోందని అంటావేమోనని దాచాను.

జ్వరం మూడు రోజులే వచ్చింది. మిగతా తొమ్మిది రోజులూ ఆమె అడిగిందని ఉంచుకున్నాను. జ్వరమని నీకు అబద్ధం రాశాను. తర్వాత నువ్వు దాన్ని బాకీగా రాసుకుని బాధపడుతుంటే సిగ్గేసి, అందుకే వద్దు వద్దన్నాను, పదహారునే పంపమన్నాను. కుప్పం రావాలని ఆమెకు ఉందనే అనుకున్నాను. నీకు నిజం రాసి ఉంటే నువ్వూ రాసేదానివి. ఇద్దరం ఒక్క మాటే విన్నాం, ఎవరికి వాళ్లం అది మన ఇంటి గురించి అనుకున్నాం. ఆమె ఏ ఇంటినీ అడగలేదు కదా. ఒక చోటు అడిగింది.

ఆ తొమ్మిది రోజులు నువ్వు నాకు బాకీ లేవు. కొట్టేయి.

మొక్క నీ దగ్గరే ఉంది కదా? బతికితే అందులో సగం విడదీసి నాకు పంపుతావా? ఆమె చోటు ఖాళీగా ఉంది.

పద్మావతి


మదనపల్లె,
4-4-1982.

చి. సౌ. పద్మావతికి ఆశీస్సులు.

సగం పంపను. పంచుకోవడం ఒకసారి చేశాం, చాలు. పుంగనూరు నుంచి తెచ్చిన రోజే అది చివరి బస్సు అని చట్టికి చెప్పాను. ఉన్న ఆరేడు ఆకులూ దారిలోనే రాలాయి. కత్తిరించాను, తడిపి పెట్టాను, ఊరుకున్నాను. చూడాలనిపిస్తే నువ్వే రా.

తొమ్మిది రోజులు కొట్టేయను. కారణం ఏదైనా, ఆ పన్నెండు రోజులు ఆమె కోరుకున్న చోట ఉంది. ఉంచినది నువ్వు. నా ఇంట్లో ఒక్క రోజు కూడా అలా దక్కలేదు ఆమెకు. బాకీ బాకీయే.

యశోదమ్మ


కుప్పం,
21-6-1982.

అక్కకు నమస్కారాలు.

నాకు ఒంట్లో బాగాలేదని గోవిందప్ప మామ ద్వారా నీకు తెలిసే ఉంటుంది. వేలూరులో చూపిస్తే గర్భసంచి తీసేయాలన్నారు. వచ్చే సోమవారం ఆపరేషన్. మా అమ్మ లేదు కదా, కెంపమ్మ చూసుకుంటానంది. "నీ అత్తను తిట్టినట్టే నిన్నూ తిడతా, లేసి కూర్చుంటావు" అంటోంది. నువ్వు కంగారు పడవద్దు, ఇల్లు వదిలి రావద్దు. తెలియాలని రాశాను.

పద్మావతి


మదనపల్లె,
20-7-1982.

పద్మావతికి,

కుప్పం నుంచి క్షేమంగా ఇల్లు చేరాను. కుట్లు పచ్చిగా ఉన్నన్నాళ్లు బిందె ఎత్తవద్దు, మెట్లు ఎక్కవద్దు. కెంపమ్మ తిట్లు బాగానే పనిచేస్తాయని చూశాను, వాటినీ మానవద్దు. మూడో రోజు నుంచీ ఇక ఇంటికి వెళ్లమని నువ్వు రోజూ అన్నావు, నేను కదల్లేదు. ఎందుకో నీకు తెలుసు కాబట్టి నువ్వూ గట్టిగా అనలేదు.

నీ దగ్గర ఉన్నన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి ఉంది. పుంగనూరు దాటి ఆ బస్సులో నేను ఎన్నడూ రాలేదు. అత్తను బస్టాండులో నీకు అప్పగించి, వెనక్కి తిరిగి, పొద్దు వాలకముందే ఇంట్లో ఉన్నాను. మొన్న పలమనేరు దాటాక ఆ గుంతల్లో నా నడుము విరిగినట్టయింది. గాలికి కళ్లు తెరవలేకపోయాను. వెంకటగిరికోటలో దిగి, కాలవ పక్కన వాంతి చేసుకున్నాను. నాకు నలభై తొమ్మిదేళ్లు. ఆమెకు డెబ్బై దాటాయి, ఒడిలో చట్టి కూడా ఉంది.

ఆ దారిలో తన ఒంటి బాధ ఆమె ఎన్నడూ చెప్పలేదు. మొక్కకు గాలి పడదు అనేది. మొక్కకు కుదుపు పడదు అనేది. మనం మొక్కకు గోనెపట్టా కుట్టాం, మొక్కకు నడిమి సీటు చూశాం.

నీ ఇంట్లో ఆమె పడుకున్న చోటే నేనూ పడుకున్నాను. మూకుడు ఉన్నచోట నేల మీద గుండ్రంగా తడి మరక ఇంకా ఉంది. నువ్వు అలికినా పోలేదన్నావు. పోనివ్వకు.

నేను లేని రోజులు మొక్కకు నీళ్లు ఎవరు పోస్తారని బెంగపడ్డాను. వెళ్లేముందు మీ బావకు ఒక్కసారి చూపించాను. తల్లి ఉన్నప్పుడు ఆ కిటికీ దగ్గరికి ఒక్క రోజు కూడా వెళ్లని మనిషి. తిరిగొచ్చి చూస్తే మూకుడులో ఇసుక తడిగా ఉంది, ఆకుల మీద చుక్క నీరు లేదు. ఆయన కుర్చీ ఆ కిటికీ పక్కకు చేరింది. ఎందుకని అడిగితే, "ఈడ సల్లగుండాదిలే" అన్నాడు. నేను వంటింట్లోకి వచ్చేశాను.

చిగుళ్లు తొమ్మిది వచ్చాయి. నీకు ఓపిక వచ్చాక రా, నెమ్మదిగా. దిగగానే రెండు రోజులు పడుకో, ఆ తర్వాతే చూద్దువుగాని. తొందర లేదు, అది ఎక్కడికీ పోదు.

ఆమెకు ఇవ్వవలసిన రోజులు ఇక ఆమెకు ఇవ్వలేను, వాటిని ఎక్కడ రాయాలో నాకు తెలియదు. నీకు ఇవ్వవలసినవి ఇచ్చానని మాత్రం ఈ పొద్దున రాసుకున్నాను: పద్మావతికి పన్నెండు రోజులు, చెల్లు.

యశోదమ్మ